ఇంటీజర్‌ని బైట్లుగా మార్చడం ఎలా? (అరకిలో ఉల్లిపాయలు 62 కిలోలు కాకుండా)

కావలసినవి పైథాన్ 3, ఓ కాగితం, పెన్ను. కాగితం దేనికని నవ్వకండి, చివర్లో అదే పనికొస్తుంది. అమీర్‌పేటలో కొన్నాళ్లు సాయంత్రం బ్యాచ్‌లకు పాఠాలు చెప్పాను, ఇప్పుడు మాదాపూర్‌లో జూనియర్ల కోడ్ చూస్తుంటాను, అక్కడా ఇక్కడా ఈ పనిని ఒకేలా పాడుచేస్తున్నారు.

ఇంటీజర్ (పూర్ణసంఖ్య) టెక్స్ట్‌గా కావాలంటే ఎస్‌టీఆర్ ఫంక్షన్‌కి ఇచ్చేయండి, అయిపోయింది. ఒక్కటి చూసుకోండి: మన హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040ని ఇంటీజర్‌గా దాచుకుంటే మిగిలేది 40, టెక్స్ట్ చేసినా ఆ సున్నా తిరిగి రాదు. ముందు సున్నాలు చేర్చే జెడ్‌ఫిల్‌తో నింపుకోవచ్చు గానీ, అసలు ఫోన్ నంబర్లని ఇంటీజర్లుగా పెట్టుకోవడం ఏంటండీ, వాటితో ఎవరైనా కూడికలు చేస్తారా?

నంబర్‌ని 16 ఆధారంగా రాసే హెక్స్, 2 ఆధారంగా రాసే బిన్ ఫంక్షన్లు కూడా అంతే తేలిక. కాకపోతే అవి ఇచ్చేది స్ట్రింగ్, అంటే టెక్స్ట్, నంబర్ కాదు.

ఇక బైట్లు, ఒక్కో బైట్‌లో 0 నుంచి 255 దాకా పడుతుంది. ఇక్కడ నెమ్మదిగా రండి. అందరూ ముందు చేసే పని, బైట్స్ అనే పేరు కనిపించగానే అందులో 500 పడేయడం. అది 500ని మార్చదు, 500 సున్నా బైట్లు చేతిలో పెడుతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. మీకు కావలసింది ఇంటీజర్‌కే ఉన్న టు_బైట్స్ మెథడ్. దానికి మూడు సంగతులు చెప్పాలి: ఎన్ని బైట్లు, ఏ వరుస, మైనస్ వస్తుందా రాదా (వస్తే దాన్ని సైన్డ్ అంటారు).

వరుస దగ్గరే కొంపలు మునుగుతాయి. ఒకచోట తూకం మెషిన్ ప్రాజెక్ట్ చేశాం, బరువు గ్రాముల్లో, రెండు బైట్లలో వెళ్తుంది. 500 అంటే హెక్స్‌లో 01 ఎఫ్4. పెద్ద స్థానంలోని బైట్ (ఇక్కడ 01) ముందు పంపితే బిగ్ ఎండియన్, చిన్న స్థానంలోది (ఎఫ్4) ముందైతే లిటిల్ ఎండియన్. మేం బిగ్‌లో పంపాం, బిల్లింగ్ కౌంటర్ పెట్టె లిటిల్‌లో చదివింది. అరకిలో ఉల్లిపాయలకు స్క్రీన్ మీద 62 కిలోల 465 గ్రాములు! పక్క కౌంటర్‌లో సైన్డ్‌గా చదివే పాత వెర్షన్ ఉంది, అక్కడ మైనస్ 3 కిలోల 71 గ్రాములు, అంటే కొన్నవాళ్లకి మేమే ఎదురు డబ్బులివ్వాలి. టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదంటే, టెస్ట్ చేసినాయన వాడినవి 0, 257. 257 అంటే 01 01, అటు తిప్పినా ఇటు తిప్పినా ఒకటే.

అందుకే వరుసని ఎప్పుడూ పదంగా రాయండి, డిఫాల్ట్‌కి వదలొద్దు. అవతలి పరికరం మాన్యువల్‌లో ఏముంటే అదే. ఫార్మాట్ మీ చేతిలోనే ఉంటే బిగ్ వాడండి, నెట్‌వర్క్ ప్రోటోకాల్స్‌లోనూ అదే వాడుక, పైగా కాగితం మీద రాసినట్టే కనిపిస్తుంది. నంబర్లని బైట్లుగా సర్దే స్ట్రక్ట్ మాడ్యూల్ గొప్పదని వాదించేవాళ్లున్నారు, కానీ అందులో వరుస చెప్పేది ఓ చిన్న బాణం గుర్తు, మర్చిపోతే మీ కంప్యూటర్ వరుసే తీసుకుంటుంది. అర్ధరాత్రి రిలీజ్ టెన్షన్‌లో ఆ బాణం ఎవరికి కనిపిస్తుంది?

సైజు విషయంలో పైథాన్ మంచిది, 70000ని రెండు బైట్లలో కుక్కబోతే ఓవర్‌ఫ్లో ఎర్రర్ అని అరుస్తుంది. సైన్డ్ అని చెప్పకుండా మైనస్ నంబర్ ఇచ్చినా అంతే. జావాలో షార్ట్ అనే రెండు బైట్ల రకానికి క్యాస్ట్ చేస్తే (బలవంతంగా మారిస్తే) కిక్కురుమనదు, 70 కిలోల బస్తా 4 కిలోల 464 గ్రాములైపోతుంది.

ఆఖర్న సరిచూసుకోవడం. ఫ్రమ్_బైట్స్‌తో వెనక్కి మార్చి అదే నంబర్ వచ్చిందని సంబరపడకండి, రెండువైపులా ఒకే తప్పు చేసినా అదే నంబర్ వస్తుంది. కాగితం మీద 258 రాసి, దాని కింద 01 02 రాసుకుని, మీ బైట్లు అలాగే ఉన్నాయో లేదో చూడండి. లిటిల్‌కైతే 02 01. తర్వాత నిజం పరికరానికి పంపండి, అక్కడ 513 అని కనిపించిందంటే వరుస తిరగబడినట్టే.