తీర సముద్రపు మోడల్‌ను కొలతలతో ఎలా సరిచూడాలి?

తీర సముద్రపు మోడల్ అంటే నీటి ఉప్పదనం, ఆక్సిజన్, క్లోరోఫిల్ వంటివాటిని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాము. ఆ మోడల్ మ్యాపునూ ఉపగ్రహ మ్యాపునూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ గోదావరి సముద్రంలో కలిసే చోట పచ్చగానే ఉందని చూపించి, "మోడల్ బాగా సరిపోతోంది" అని రాసేసిన నివేదికలు చాలా చూశాను. అది సరిచూడటం కాదు. విశాఖ, కాకినాడ తీరాన్నే ఉదాహరణగా తీసుకుని అసలు పని ఎలా చేయాలో చెబుతాను.

1. కావలసినవి: మోడల్ నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు (మోడల్ అంకెలను దాచే ఫైళ్లు), పడవ మీద తీసిన నీటి నమూనాల ఫలితాలు, ఉపగ్రహం చూపే క్లోరోఫిల్ (నీటిలోని సూక్ష్మ మొక్కల పచ్చదనం), పైథాన్ ప్రోగ్రామింగ్ భాష. ఎక్సెల్ వద్దు.

2. యూనిట్లు చూడండి. ఒకసారి నాకొచ్చిన పట్టికలో శీర్షిక మైక్రోమోల్ అని ఉంది, కింద ఆక్సిజన్ 4.5. అది నిజమైతే అక్కడ చేప బతకదు. అంకెలు లీటరుకు మిల్లీలీటర్లలో ఉన్నాయి. 44.66తో గుణిస్తే లీటరుకు మైక్రోమోల్‌లలో 200 దాటింది, ఆరోగ్యంగా ఉన్న నీరే.

3. ప్రతి కొలతకూ మోడల్‌లో అదే చోటు, అదే సమయపు అంకెను జత కుదర్చండి. పని చెడేది ఇక్కడే, తొందరపడకండి.

మోడల్ సముద్రాన్ని గడులుగా విడగొడుతుంది. తీరం పక్కన, కొలత చుట్టూ ఉన్న నాలుగు గడుల సగటు తీయకూడదు. వాటిలో ఒకటి నేల మీద పడితే, ఆ గడిలోని సున్నా మీ సగటులో కలిసిపోతుంది. దగ్గర్లో ఉన్న నీటి గడి ఒక్కటే తీసుకోండి. ఆ గడిలో మోడల్ అనుకుంటున్న లోతునూ చూడండి. పడవ ఆగిన చోట అడుగు 25 మీటర్లలో ఉండి, మోడల్‌లో 40 ఉంటే, అడుగు నీటిని అడుగు నీటితో పోల్చినా అవి వేర్వేరు నీళ్లు. సమయం కూడా అంతే: పడవ పుస్తకంలో మన టైము రాస్తారు, మోడల్ సాధారణంగా గ్రీనిచ్ టైములో నడుస్తుంది. రెంటికీ తేడా ఐదున్నర గంటలు, అంతలో ఆటు దాదాపు పోటు అవుతుంది. నది నోటి దగ్గర ఆ తేడాకే ఉప్పదనం మారిపోతుంది.

ఇక ఉపగ్రహం. గోదావరి పొంగే జులై, ఆగస్టు నెలల్లోనే ఆకాశం మబ్బుగా ఉంటుంది. ఒక గడి నెలలో నాలుగు రోజులే కనిపించిందనుకోండి, ఉపగ్రహ సగటు ఆ నాలుగు రోజులదే. మోడల్‌కు మబ్బు అడ్డం రాదు కాబట్టి దాని సగటు 31 రోజులది. ఈ రెంటినీ పోల్చి మోడల్‌ను తప్పుపట్టడం అన్యాయం. ఉపగ్రహం చూడని రోజు మోడల్‌లోనూ ఆ గడిని చెరిపేసి, ఆ తర్వాతే సగటు తీయండి. పైగా ఒండ్రు కలిసిన నీటిలో ఉపగ్రహం క్లోరోఫిల్‌ను ఎక్కువగా చూపించే ప్రమాదం ఉంది. అందుకే 30 మీటర్లకంటే తక్కువ లోతున్న చోట ఉపగ్రహాన్ని వాడకండి, సీసాలో పట్టిన నీటినే నమ్మండి.

నీటిలో దించిన సెన్సరు, మొక్కల వెలుగును బట్టి కొలిచిన క్లోరోఫిల్ అయితే రాత్రి తీసినదే తీసుకోండి. పగటి ఎండలో పైనీటి వృక్షప్లవకాల (తేలియాడే ఆ సూక్ష్మ మొక్కల) వెలుగు తగ్గిపోయి, ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

4. క్లోరోఫిల్‌ను లాగరిథమ్‌లోకి మార్చాకే తేడాలు లెక్కించండి. లేకపోతే నది నోటి దగ్గరి నాలుగైదు పెద్ద అంకెలే మొత్తం ఫలితాన్ని నిర్ణయిస్తాయి. బయాస్ (సగటు తేడా), సగటు వర్గ దోషం (తేడాల వర్గాల సగటు), సహసంబంధం (రెండూ కలిసి పెరిగి తగ్గుతున్నాయా అనే కొలత) మూడూ ఇవ్వండి. సహసంబంధం ఒక్కటే ఇచ్చేవాళ్లను నేను నమ్మను. మోడల్ అంతటా రెట్టింపు చూపించినా అది 1 రావచ్చు.

5. పాత కొలతల నెలవారీ సగటును కూడా ఒక మోడల్‌లా పరీక్షకు పెట్టండి. మార్చి, ఏప్రిల్‌లో విశాఖ దగ్గర అడుగు చల్లనీరు పైకి వస్తుందని ఆ సగటుకూ తెలుసు. దాన్ని దాటలేని మోడల్ కొత్తగా చెప్పిందేమీ లేదు.

మోడల్‌ను సరిదిద్దడానికి వాడిన కొలతలను మళ్లీ పరీక్షకు వాడొద్దు. తీసేసిన జతలన్నిటినీ, ఎందుకు తీశారో ఒక్కో కారణంతో, నివేదిక చివర పట్టికగా పెట్టండి.