మిరుగు వానలకు ముందే ఆఫీసు ఐపీ ఫోన్లు సరిచూసుకోండి

మిరుగు దగ్గర పడిందంటే హన్మకొండలోని మా విత్తనాల ఆఫీసులో ఫోన్లు ఆగవు. నర్సంపేట, పరకాల రైతులు వరుసగా చేస్తుంటారు. సరిగ్గా అప్పుడే గాలివానకు ఫైబర్ తెగుతుంది, రౌటర్ 4జీ సిమ్ మీదికి మారుతుంది. ఐపీ ఫోన్లు నడిచేది ఇంటర్నెట్ మీదే కాబట్టి కాల్స్ కూడా ఆ సిమ్ మీదే పోతాయి. పోయినేడు ఒక రైతు "ఇరవై ఐదు సంచులు" అంటే మావాళ్లకు "ఇరవై" అనే వినిపించింది. అదునులో ఐదు సంచులు తక్కువ పోతే ఆయన పరిస్థితి ఏమిటి? అందుకే ఈ పని వానలకు ముందే చేసుకోండి.

ముందు అప్‌లోడ్ స్పీడ్ చూడండి. ఫైబర్ మీద కాదు, సిమ్ మీద, అదీ ఆఫీసు రద్దీగా ఉన్న వేళ. కోడెక్ అంటే గొంతును డేటాగా మార్చే పద్ధతి. జీ.711 కోడెక్‌లో మాట 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), హెడర్లు (ప్యాకెట్లు అనే డేటా ముక్కలకు తగిలించే చిరునామా సమాచారం) కలిపితే 80. పది కాల్స్‌కు 800. సిమ్ మీద 1 ఎంబీపీఎస్ కూడా రాకపోతే బిల్లింగ్ కంప్యూటర్లకు ఇక మిగిలేదేముంది? జీ.729 అయితే కాల్‌కు 24 చాలు. గొంతు కాస్త పలచబడుతుంది కానీ మాట అర్థమవుతుంది. ఫైబర్ ఉన్నన్నాళ్లూ జీ.711 మంచిది. మన దేశంలో జీ.711లోని ఏ-లా రకాన్ని ముందు పెట్టండి.

అసలు పొరపాటు ప్యాకెట్ టైమ్ (ఒక్కో ప్యాకెట్‌లో ఎంతసేపటి మాట పట్టాలనేది) దగ్గర జరుగుతుంది. 20 మిల్లీసెకన్లు పెడితే సెకనుకు 50 ప్యాకెట్లు. జీ.729లో ఒక్కోదానిలో మాట 20 బైట్లే, హెడర్లు 40. గింజల కన్నా గోనె బరువన్నమాట. ఆ బరువు తగ్గిద్దామని 60కి పెంచాలనిపిస్తుంది. మేము చేసిందదే. 20 మిల్లీసెకన్ల ఖాళీని ఫోన్ చాలావరకు పూడ్చుకుంటుంది. 60 పోతే పూడ్చలేదు. వరుసగా రెండు పోతే "ఐదు" లాంటి చిన్న మాటకే ఎసరు. వానలో ప్యాకెట్లు పోయే లైన్ మీద 20 దాటకండి. రెండు వైపులా ఒకే విలువ ఉంచండి, తేడా ఉంటే కొన్ని ఫోన్లు గరగరమంటాయి.

4జీలో ప్యాకెట్లు ఒక పద్ధతిలో రావు కాబట్టి జిట్టర్ బఫర్‌ను (వచ్చిన ప్యాకెట్లను కాసేపు ఆపి వరుసగా వినిపించేది) అడాప్టివ్‌లో, అంటే లైనును బట్టి తానే మారేలా పెట్టండి. మరీ పెంచితే మాట ఆలస్యంగా చేరి ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలవుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలి.

జీ.729కి మారితే "ఒకటి నొక్కండి" మెనూలు పనిచేయకపోవచ్చు. డీటీఎంఎఫ్ (అంకె నొక్కినప్పటి శబ్దం) సెట్టింగును ఆర్‌ఎఫ్‌సీ 2833కి, అంటే ఆ అంకెను గొంతుతో కలపకుండా విడిగా పంపే పద్ధతికి మార్చండి. ఫ్యాక్స్ లైన్‌ను మాత్రం జీ.711లోనే వదిలేయండి.

మార్చే ముందు పాత సెట్టింగులను ఫొటో తీసుకోండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. తర్వాత ఫైబర్ వైరు పీకేసి, బయటి నుంచి ఒకరితో ఫోన్ చేయించి అంకెలు చదివించండి: ఇరవై ఐదు, ముప్పై ఆరు, నలభై ఏడు. ఇవతల రాసుకున్నవి తప్పు లేకుండా సరిపోయేదాకా వైరు తిరిగి పెట్టకండి.