రేడియోలో గోల ఎక్కడిదో వెతకబోయే ముందు జాగ్రత్తలు

ముందు మీ ఇల్లే చూసుకోండి. రిగ్‌ను (మీ హామ్ రేడియో సెట్టును) 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, ఇంట్లోవాళ్లకు చెప్పి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్‌నూ ఆపాలి. మరిచిపోతే మెయిన్ పోగానే అది అందుకుని, దాని గోలే వినిపించి దారి తప్పిస్తుంది. గోల ఆగిందా, అది మీ ఇంట్లోదే; ఎంసీబీలు (మెయిన్ బోర్డులోని సర్క్యూట్ స్విచ్చులు) ఒక్కొక్కటిగా వేసి, దేనితో గోల తిరిగొస్తుందో చూడండి. ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లే ఎక్కువగా దొరుకుతాయి.

ఆగకపోతే బయటికి. చేతి రిసీవర్ ఏఎంలో ఉండాలి, ఎఫ్‌ఎంలో ఈ చిటపట అణిగిపోతుంది. దగ్గరయ్యేకొద్దీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) పెంచండి, లేదంటే సిగ్నల్ మీటరు నిండిపోయి దిక్కు తెలియదు.

పైన కరెంటు తీగలుంటే యాగీ యాంటెన్నా (దిక్కు పట్టే పొడవాటి యాంటెన్నా) ఎత్తొద్దు. 11 కేవీ లైనును తాకక్కర్లేదు, మరీ దగ్గరకెళ్లినా ప్రాణం పోతుంది. స్తంభాన్ని కొట్టి చూడడం, స్టే వైరు (స్తంభాన్ని నేలకు లాగి కట్టిన తీగ) ఊపడం అసలు వద్దు. స్తంభం నంబరు రాసుకుని కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి.