కఫం లెక్కకి పాల క్యాలెండరు

బ్రాంకియెక్టాసిస్ (ఊపిరి గొట్టాలు వెడల్పై కఫం పేరుకునే జబ్బు) లాంటి పాత ఊపిరితిత్తుల జబ్బుకి కాకినాడ వెళ్తే డాక్టరు గారు "ఈ నెలంతా ఎలా ఉంది?" అంటారు. "ఏదో, అలాగే ఉందండి" అనేస్తారు మనవాళ్ళు. దాన్నిబట్టి ఆయన మాత్రం ఏం తేలుస్తారు?

రోజూ కఫం లెక్క రాసుకోడానికి మా అమ్మకి పాల లెక్క రాసే గోడ క్యాలెండరే పనికొస్తోంది. దగ్గుమందు సీసా మూతతో నీళ్ళు కొలిచి పోసి, అవతలికి కనబడే ప్లాస్టిక్ గ్లాసు మీద 10, 20, 30 మి.లీ. గీతలు పెట్టుకోండి. పొద్దున్న కఫం అందులో పట్టి, వెనక తెల్ల కాగితం పెట్టి, పగటి వెలుతురులో రంగు చూసి ఆ రోజు గడిలో "20 ప" అని రాయండి. "తె" అంటే తెలుపు, "ప" అంటే పసుపు, "ఆ" అంటే ఆకుపచ్చ. జ్వరం, ఆయాసం, రాత్రి నిద్ర చెడగొట్టిన దగ్గు ఉంటేనే పక్కన ఒక ముక్క. నూర్పిళ్ళ దుమ్ము, కొబ్బరిపీచు దుమ్ము తగిలిన రోజూ రాయండి, మా కోనసీమలో అది చిన్న విషయం కాదు. గ్లాసు బ్లీచింగ్ నీళ్ళతో కడిగి విడిగా ఉంచాలి.

వారం రాతలన్నీ ఆదివారం గుర్తుతెచ్చుకుని నింపితే దండగ. కఫంలో నెత్తురు పడినా, ఆయాసం ఎక్కువైనా రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.