మరమ్మతు చేసిన ఎత్తుపన్నును అలైనర్‌తో సరిచేయించుకోవడం

విరిగి అతికించిన, లేదా రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన ముందు పన్ను పెదవి వైపు పొడుచుకొని వచ్చినప్పుడు, తీసి పెట్టుకోగలిగే అలైనర్‌తో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా పళ్లకు తొడిగే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలతో, దానిని వరుసలోకి తేవడం చాలా సందర్భాలలో సాధ్యమే. అయితే అలైనర్ జరపవలసింది పైకి కనిపించే క్యాప్‌ను కాదు, ఎముకలోని వేరును. కనుక మొదట పరీక్షించవలసింది వేరునే.

చెన్నైలో ఉన్నవారు ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్ల వరుసను సరిచేసే విభాగంలో, ఎం.డి.ఎస్. (దంతవైద్యంలో పీజీ) చేసిన వైద్యుణ్ణి కలవాలి. వెళ్లే ముందు, ఆ పన్నుకు నెల్లూరులోనో విజయవాడలోనో వైద్యం జరిగి ఉంటే, అక్కడి పాత ఎక్స్‌రేలను, దెబ్బ ఎప్పుడు తగిలింది, క్యాప్ లోహమా పింగాణీయా అన్న వివరాలను తెప్పించుకోవడం మంచిది. దెబ్బ తిన్న పళ్లలో కొన్ని ఎముకకు అతుక్కుపోతాయి. అటువంటి పన్ను ఎన్ని ట్రేలు మార్చినా కదలదు సరికదా, దానిని లాగబోయి పక్క పళ్లే స్థానం తప్పవచ్చు. వైద్యుడు పరికరంతో తట్టినప్పుడు లోహాన్ని తట్టినట్టు శబ్దం రావడం దీనికి ఒక గుర్తు. వేరు చివర చీము ఉన్నా, వేరు కరుగుతున్నా ముందు వాటి సంగతి చూడాలి. ఎక్స్‌రే అడగకుండా, నోటి అచ్చు మాత్రం తీసుకొని అలైనర్ పంపుతామనేవారిని నమ్మకపోవడమే క్షేమం.

పన్ను వెనక్కి రావడానికి చోటు కావాలి. లేకుంటే పక్క పళ్ల అంచులను మిల్లీమీటరులో పదోవంతుల లెక్కన రాస్తారు. ట్రేకు పట్టు దొరకడానికి అంటించే చిన్న బొడిపెలు పింగాణీ మీద సులువుగా నిలవవు గనుక, ఆ ఉపరితలాన్ని ప్రత్యేకంగా సిద్ధం చేయవలసి వస్తుంది.

సాధారణంగా ఒక్కో ట్రే పన్నును పావు మిల్లీమీటరు వరకు జరుపుతుంది. దానిని ఒకటి రెండు వారాలకొకసారి మారుస్తారు. రోజుకు 20 నుంచి 22 గంటలు ధరించాలి. మూడు పూటల భోజనానికి అరగంట చొప్పున తీసేస్తే, 22 గంటల లెక్కలో మిగిలేది అరగంటే. ఫిల్టర్ కాఫీ అంతా అందులోనే ముగించుకోవాలి, ఎందుకంటే వేడికి ట్రే వంగుతుంది, కాఫీకి మరక పడుతుంది. కడగడానికీ చన్నీళ్లే వాడాలి.

పాత క్యాప్ అందంగా లేదని చికిత్స మధ్యలో మార్పించుకోకూడదు. ఫిల్లింగ్ పెచ్చు ఊడినా పన్ను ఆకారం మారి తర్వాతి ట్రేలు కూర్చోవు, మళ్లీ స్కాన్ చేయవలసి వస్తుంది. పన్ను కుదురుకొన్నాకే కొత్త క్యాప్ వేయించుకోవాలి. అప్పుడు కూడా, సరిచేసిన పన్ను మళ్లీ జరగకుండా పెట్టుకొనే పాత రిటైనర్ పట్టదు గనుక, కొత్త రిటైనర్‌కు అదే రోజు కొలత ఇచ్చి, అది చేతికి వచ్చేదాకా పన్నును ఎలా నిలపాలో వైద్యుణ్ణి అడిగి రావాలి.