పికాచు బొమ్మ కుడుతున్నారా, తోక దగ్గర జాగ్రత్త

పిల్లలకి ఇంట్లోనే పికాచు (పోకెమాన్ కార్టూన్‌లో పసుపు రంగు బొమ్మ) బొమ్మ కుట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. బెంగళూరులో ఉంటే చిక్‌పేట బట్టల మార్కెట్‌కి వెళ్లినప్పుడు పసుపు ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) అర మీటరు తెచ్చుకోండి, అంచులు పోగులు లేవవు కాబట్టి ఓవర్‌లాక్ (అంచు కుట్టు) కూడా అక్కర్లేదు. తల, ఒళ్లు కలిపి ఒకటే ముక్కగా గీసి రెండు కత్తిరించండి, చుట్టూ 1 సెంటీమీటరు కుట్టుకి వదలండి.

అసలు పనంతా తోక దగ్గరే, మెరుపులా వంకరలు తిరుగుతుంది కదా, కుట్టాక లోపలి మూలల్లో దారం తెగకుండా కుట్టు దగ్గరి దాకా చిన్న గాటు పెట్టాలి, లేదంటే తిరగేశాక ఆ మూల ముడత పడిపోయి ఎంత లాగినా సాఫీ అవ్వదు, మా పాపకి కుట్టిన మొదటి బొమ్మకి అదే అయింది, మొత్తం విప్పాల్సొచ్చింది. ఇంకోటి, నలుపు చెవుల కొసలకే, తోక కొసకి ఉండదు, తోక మొదట్లో గోధుమరంగు ఉంటుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు.

కింద 5 సెంటీమీటర్లు కుట్టకుండా వదిలి తిరగేసి, పాత దిండులోని ఫైబర్ దూది కొంచెం కొంచెంగా పెన్సిల్ వెనక వైపుతో నింపండి. కళ్లకి గుండీలు మాత్రం వద్దు, చిన్నపిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు, నల్ల దారంతో కుట్టేయండి.