లఘులోలకం ప్రయోగాన్ని కంప్యూటర్ మీద చేయించే పద్ధతి

ప్రయోగశాల లేని బడుల్లో ప్రాక్టికల్స్ అంటే చాలాచోట్ల నల్లబల్ల మీది బొమ్మ దించుకుని, పాత రికార్డు చూసి రీడింగులు ఎక్కించుకోవడంగానే మిగిలిపోయింది. పిల్లలు తామే కొలిచి, తామే లెక్క కట్టే అవకాశాన్ని కంప్యూటర్ ఇవ్వగలదు. కానీ సిమ్యులేషన్‌ను, అంటే తెర మీద నడిచే ప్రయోగ నమూనాను, ఉపాధ్యాయుడే ఆడించి చూపిస్తే అది ఇంకొక వీడియో అవుతుందంతే.

కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో లోలకం (దారానికి వేలాడుతూ ఊగే గోళం) సిమ్యులేషన్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే పాఠం జరిగేటప్పుడు ఇంటర్నెట్ అవసరం ఉండదు.

కంప్యూటర్ తెరవకముందే, "గోళం బరువు రెట్టింపు చేస్తే ఒకసారి ఊగడానికి పట్టే సమయం పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా?" అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా జవాబును నోటుపుస్తకంలో రాయించాలి. ఈ మెట్టును వదిలేస్తే మిగిలిన శ్రమంతా వృథా అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే తన ఊహ తప్పిందని కళ్లారా చూసుకున్న విద్యార్థికే ఆ ఫలితం మనసులో నాటుకుంటుంది.

తర్వాత పొడవును 1 మీటరు వద్ద ఉంచి, గోళాన్ని 10 డిగ్రీలు మించని కోణం నుంచి వదిలి, తెర దానంతట అది చూపే ఆవర్తన కాలాన్ని (ఒక డోలనానికి పట్టే సమయాన్ని) పక్కనపెట్టి, స్టాప్‌వాచ్‌తో 20 డోలనాల (అటు వెళ్లి తిరిగి వచ్చే పూర్తి ఊపుల) సమయాన్ని కొలిపించాలి. దాదాపు 40 సెకన్లు వస్తుంది. పొడవును 0.25 మీటర్లకు తగ్గిస్తే అది 20 సెకన్లకు దిగుతుంది. పొడవు నాలుగో వంతైతే కాలం సగమే ఎందుకైందో మనం చెప్పేయకుండా వారినే తేల్చుకోనివ్వాలి. బరువు మార్చి చూశాక, గురుత్వాన్ని చంద్రుడికి మార్చమనండి: మీటరు లోలకం ఒక్క డోలనానికే దాదాపు 5 సెకన్లు తీసుకుంటుంది. ఎంత గొప్ప ప్రయోగశాలలోనైనా ఇది చూపించలేము.

అయితే ఘర్షణను సున్నా చేస్తే తెర మీది లోలకం ఎప్పటికీ ఆగదు. ఒకసారి మా తరగతిలో ఒక అమ్మాయి "మరి మా ఇంట్లో ఉయ్యాల ఆగుతుంది కదా సార్?" అని అడిగింది, ఆ ప్రశ్న వచ్చినప్పుడే నిజమైన దారాన్ని చేతికివ్వాలి. సైకిల్ షాపులో దొరికే బరువైన నట్టును తలుపు చట్రానికి దారంతో కట్టి, పైముడి నుంచి నట్టు మధ్య వరకు సరిగ్గా 1 మీటరు ఉండేలా సరిచేయించాలి. 20 డోలనాలకు ఒకరికి 39.6 సెకన్లు, మరొకరికి 40.9 వచ్చాయనుకుందాం, పొడవు, ఆవర్తన కాలాల నుంచి లెక్క కడితే గురుత్వ త్వరణం మొదటివారికి 10.07 మీ/సె², రెండోవారికి 9.44 మీ/సె² వస్తుంది. ఈ తేడా బటన్ నొక్కడంలో ఆలస్యం వల్ల వచ్చిందా, ఊపుల లెక్కలో వచ్చిందా, పొడవు కొలతలో వచ్చిందా అన్నది వారి చేతనే చర్చింపజేయాలి. తెర మీద కొలిచిన పట్టిక, దారంతో కొలిచిన పట్టిక రికార్డులో పక్కపక్కనే ఉండాలి. ఏది దేనిదో పైన స్పష్టంగా రాయించాలి, వచ్చిన అంకెలను పుస్తకంలోని విలువ 9.8కి దిద్దనివ్వకూడదు.